ఒక్క స్కాన్‌కు 50 వేల ఆకులు

ఎర్ర మిరపకాయ ఒకటి కోయబోతే రెండు కనిపించాయి. ఆమె జబ్బు అలా బయటపడింది.

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున ఉన్న కుంట పట్టణానికి దగ్గర్లోని పల్లె ఆమెది. దోర్లా ఆదివాసి. వయసు 50కి అటూ ఇటూ. మాట్లాడేది మనకు అర్థమయ్యే తెలుగే. సంక్రాంతి దాటాక ఊరివాళ్లతో కలిసి తెలంగాణ వైపు మిరప కోతకు రావడం ఏళ్లుగా అలవాటు. నాలుగేళ్ల కిందట అలా వచ్చినప్పుడే కాయలు రెండేసి కనిపించడం మొదలైంది. చెయ్యి చాస్తే ఒకటి దొరికేది, రెండోది వట్టి గాలి. “ఏది కాయో ఏది కాదో తెలియక సాయంత్రానికి సగం సంచీ కూడా నిండేది కాదు బాబూ” అని నవ్వుతూ చెప్పింది. కూలి కిలోల లెక్కన. కాబట్టి ఆ నవ్వు ఇప్పటిదే, అప్పటిది కాదు.

కళ్లజోడు పెట్టుకోమని మేస్త్రీ సలహా ఇచ్చాడు. ఊళ్లో వడ్డె కోడిని కోసి చూశాడు. మందుల దుకాణంలో చుక్కల మందు ఇచ్చారు. రెండేళ్లు గడిచేసరికి ఎడమ కనురెప్ప వాలిపోయింది, ఆ వైపు చెంప మొద్దుబారింది. చివరకు గోదావరి ఇవతల ఒక కంటి డాక్టరు ఆమె చేత ఒక కన్ను మూయించి, ఇప్పుడెన్ని కనిపిస్తున్నాయని అడిగాడు. ఒకటే అంది. ఆయన కళ్లజోడు రాయలేదు, ఎంఆర్ఐ రాశాడు. పుర్రె అడుగున, ఎడమ కంటి వెనుక, రక్తనాళాన్ని చుట్టుకుని ఒక గడ్డ ఉందని తేలింది. దాని పేరు మెనింజియోమా.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమెకు అందిన వైద్యం గురించీ, అందవలసినది అందకుండా ఆగిపోయిన చోటు గురించీ రాయాలి. ఎందుకంటే ఆ చోటు మనం అనుకునే చోటు కాదు.

మెదడును కప్పి ఉంచే పొరల్లోంచి పుట్టే గడ్డ మెనింజియోమా. 1922లో అమెరికన్ న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ దీనికి ఆ పేరు పెట్టారు. కపాలం లోపలే మొదలయ్యే గడ్డల్లో మూడింట ఒక వంతుకు పైగా ఇవే. మగవారితో పోలిస్తే ఆడవారిలో సుమారు రెట్టింపు కనిపిస్తాయి. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. ఒళ్లంతా పాకవు, ఏడాదికి మిల్లీమీటరో రెండో మిల్లీమీటర్లో పెరుగుతాయి. కొందరిలో అసలు పెరగకుండా ఉండిపోతాయి. వయసు మళ్లినవారిలో, లక్షణాలేమీ లేనప్పుడు, డాక్టర్లు ఏ చికిత్సా చేయకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండటం కూడా మామూలే.

అంత నెమ్మదైన గడ్డతో భయమెందుకు? అది కూర్చున్న చోటే భయం. పుర్రె పైభాగంలో ఉంటే సర్జన్ తెరిచి, మొదలంటా తీసేయగలడు. గడ్డను ఎంత పూర్తిగా తీస్తే అది మళ్లీ వచ్చే అవకాశం అంత తగ్గుతుందని 1957లో డోనాల్డ్ సింప్సన్ చూపించారు. న్యూరోసర్జన్లు ఇప్పటికీ ఆయన పేరిటి కొలబద్దతోనే మాట్లాడుకుంటారు. కానీ పుర్రె అడుగు వేరే లోకం. ఇంట్లోకి వచ్చే నీటి గొట్టాలు, కరెంటు తీగలు అన్నీ పునాది దగ్గర ఒకే కంతలోంచి దూరినట్లు, మెదడుకు రక్తం తెచ్చే నాళాలూ, కన్ను, చెవి, ముఖం, గొంతు నరాలూ అక్కడి సన్నని రంధ్రాల్లోంచే రాకపోకలు సాగిస్తాయి. ఆమె గడ్డ ఉన్న చోటును కావెర్నస్ సైనస్ అంటారు. బొటనవేలి కొస పట్టేంత జాగా. అందులోంచి మెదడుకు వెళ్లే ప్రధాన రక్తనాళం, కనుగుడ్డును తిప్పే మూడు నరాలు, ముఖానికి స్పర్శనిచ్చే నరపు కొమ్మలు వెళ్తాయి. అక్కడ మొదలంటా తీస్తానని కత్తి పట్టుకుంటే గడ్డతో పాటు కన్నూ పోవచ్చు, ఒక్కోసారి మనిషీ పోవచ్చు. అందుకే గత 30 ఏళ్లలో వైద్యుల ఆలోచన మారింది. చూపు నరాన్నో మెదడు కాండాన్నో నొక్కేస్తున్న పెద్ద గడ్డ అయితే ముందు ఆపరేషనే. తీయగలిగినంత తీసి, నరాలకు అంటుకున్నది వదిలేస్తారు. ఆ వదిలేసిన ముక్కకూ, మొదటి నుంచీ కత్తికి అందని చిన్న గడ్డకూ రేడియేషన్ ఇస్తారు.

మన ఊళ్లలో దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట వినగానే జుట్టు ఊడటం, వాంతులు, ఇక రోజులు లెక్కపెట్టుకోవడం గుర్తొస్తాయి. ఆమె కొడుకు కూడా ఆ మాట విని తల్లిని తీసుకుని ఊరికి వెళ్లిపోదామనుకున్నాడట. కానీ ఈ కరెంటు వేరు.

బస్తర్ దసరా చూసినవారికి దీన్ని చెప్పడం తేలిక. 75 రోజుల ఆ పండుగలో దంతేశ్వరి ఛత్రం నిలిపిన భారీ చెక్క రథాన్ని వందలాది మంది తాళ్లు పట్టి లాగుతారు. ఏ ఒక్కరి బలానికీ రథం కదలదు. అందరి బలం ఒకచోట కలిస్తేనే కదులుతుంది. రేడియోసర్జరీలోనూ అంతే. పలుచని రేడియేషన్ కిరణాలను ఎన్నో దిక్కుల నుంచి పంపుతారు. దారిలో ఏ ఒక్క కిరణమూ మెదడుకు పెద్దగా హాని చేయదు. అన్నీ కలిసే బిందువులో మాత్రం గడ్డను ఆపేంత మోతాదు పడుతుంది. ఆ బిందువుకు కొన్ని మిల్లీమీటర్ల అవతల మోతాదు చప్పున పడిపోతుంది.

స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లోనే ఈ ఊహ చేసి రేడియోసర్జరీ అని పేరు పెట్టారు. 1968 నాటికి స్టాక్‌హోమ్‌లో గామా నైఫ్ పని మొదలుపెట్టింది. పేరులోనే కత్తి, కోత ఉండదు. తర్వాత వచ్చిన నమూనాల్లో 192 లేదా 201 కోబాల్ట్ మూలాలు ఒక గోళంలా అమర్చి ఉంటాయి. మన దేశంలో 1997లో ముంబైలోని హిందూజా ఆసుపత్రికి, ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇది వచ్చింది. కోబాల్ట్ శక్తి 5 సంవత్సరాల 3 నెలల్లో సగానికి పడిపోతుంది కాబట్టి మూలాలను మార్చుతూ ఉండాలి. అది ఖరీదైన పని. అందుకే అవి కొద్ది చోట్లే ఉన్నాయి. మరోవైపు లీనియర్ యాక్సిలరేటర్లు పెరిగాయి. రోగి చుట్టూ తిరుగుతూ కిరణాలు వదిలే ఈ యంత్రాలతో, తగిన సాఫ్ట్‌వేరూ, నిపుణులైన భౌతిక శాస్త్రవేత్తలూ ఉంటే, ఇదే పని చేయవచ్చు. చిన్న యాక్సిలరేటర్‌ను రోబో చేతికి తగిలించినది సైబర్ నైఫ్.

ఇందులో రెండు దారులున్నాయి. గడ్డ సుమారు 3 సెంటీమీటర్ల లోపు ఉండి, చూపు నరానికి ఎడంగా ఉంటే ఒక్క రోజులో ముగించవచ్చు. తలకు నాలుగు మరలతో ఒక చట్రం బిగిస్తారు, లేదా ముఖానికి అచ్చు పోసినట్లుండే తొడుగు వేస్తారు. గడ్డ అంచుకు 12 నుంచి 15 గ్రేల మోతాదు ఇస్తారు. గ్రే అంటే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం. చూపు నరం ఒక్కసారిగా అంత భరించలేదు, దానికి 8 నుంచి 10 గ్రేలు దాటకుండా చూస్తారు. అందువల్ల గడ్డ చూపు నరానికి ఆనుకుని ఉన్నా, పెద్దదైనా రెండో దారి పట్టాలి. మొత్తం 50 నుంచి 54 గ్రేలను 28 నుంచి 30 విడతలుగా, రోజుకు కొంచెం చొప్పున, వారానికి ఐదు రోజులు ఇస్తారు. ఆ చిన్న దెబ్బల మధ్య నరం తేరుకుంటుంది, గడ్డ తేరుకోలేదు.

ఒక రోజా, ఆరు వారాలా అన్నది రోగి వీలును బట్టి తేల్చేది కాదు. చూపు నరానికి గడ్డ ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అదే తేలుస్తుంది. ఆమె గడ్డ దగ్గరగా ఉంది. రెండేళ్ల కిందటి వేసవిలో ఆరు వారాలు హైదరాబాద్‌లో ఉండాల్సి వచ్చింది. ఆయుష్మాన్ కార్డు చెల్లింది, చికిత్సకు డబ్బు కట్టలేదు. కానీ ఆ ఆరు వారాలూ తునికాకు కోత రోజులు. బస్తర్ అడవి ఇంటికి నగదు వచ్చే కాలం అది. తల్లి, తోడుగా వెళ్లిన కొడుకు, ఇద్దరి చేతులూ ఆ ఏడాది అడవికి వెళ్లలేదు.

చికిత్స పనిచేసిందా? ఇక్కడే ఈ వైద్యం తీరు అర్థం చేసుకోవాలి. కత్తితో తీసిన గడ్డ డాక్టరు చేతిలోకి వస్తుంది, కళ్లకు కనిపిస్తుంది. కరెంటు పెట్టిన గడ్డ లోపలే ఉంటుంది. కొందరిలో ఏళ్ల మీద కొంత కుంచించుకుపోతుంది, ఎక్కువ మందిలో ఉన్నది ఉన్నట్లే ఆగిపోతుంది. ఆగిపోవడమే ఇక్కడ విజయం. సరిగ్గా ఎంచుకున్న, క్యాన్సర్ కాని గడ్డల్లో ఐదేళ్ల తర్వాత చూస్తే నూటికి 90 మందికి పైగా పెరుగుదల ఆగి ఉంటుందని ప్రపంచవ్యాప్తంగా అనుభవం చెబుతోంది. పదేళ్లకు ఆ లెక్క కొంత తగ్గుతుంది. కొద్దిమందిలో నెలల తర్వాత మెదడు వాపు, కొత్తగా నరాల బలహీనత, ఏళ్ల తర్వాత పిట్యూటరీ హార్మోన్ల లోపం రావచ్చు. ఇవన్నీ పట్టుకోగలిగితే మందులున్నాయి. పట్టుకోవాలంటే చూడాలి. అందుకే ఆరు నెలలకు ఒక ఎంఆర్ఐ, ఆ తర్వాత ఐదేళ్ల పాటు ఏడాదికొకటి, అటుపై రెండేళ్లకొకటి తీయించమంటారు.

అంటే ఈ చికిత్స ఒక రోజుదీ కాదు, ఆరు వారాలదీ కాదు. పదేళ్ల ఒడంబడిక. మొదటి ఆరు వారాలకు ప్రభుత్వం సంతకం పెట్టింది. మిగిలిన తొమ్మిదిన్నర ఏళ్లకు పైబడిన కాలానికి ఎవరి సంతకమూ లేదు.

2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం పేద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వైద్యం ఇస్తుంది. రాష్ట్రం దాటి వెళ్లినా చెల్లుతుంది. ఆదివాసీ మహిళ కార్డు చూపించి నగరంలోని ఖరీదైన యంత్రం కింద పడుకోగలగడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే అది ఆసుపత్రిలో చేరిన వారి పథకం. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వెళ్లాక 15 రోజుల ఖర్చు దాని పరిధిలోకి వస్తాయి. అవుట్ పేషెంట్‌గా వచ్చి స్కాన్ తీయించుకుని వెళ్లడం రాదు. 16వ రోజు నుంచి ఆమె మళ్లీ మామూలు మనిషి.

కాంట్రాస్ట్ మందుతో మెదడు ఎంఆర్ఐకి ప్రైవేటులో ఐదారు వేల రూపాయలు అవుతాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో తునికాకు ధరను స్టాండర్డ్ బస్తాకు 4,000 రూపాయల నుంచి 5,500కు పెంచింది. ఒక స్టాండర్డ్ బస్తా అంటే వెయ్యి కట్టలు. కట్టకు 50 ఆకులు. లెక్క వేసుకోండి. ఒక్క స్కాన్‌కు 50 వేల ఆకులు. తెల్లవారుజామున అడవికి వెళ్లి, ఒక్కొక్కటిగా కోసి, మధ్యాహ్నం ఇంటి ముందు కూర్చుని లెక్కపెట్టి కట్టిన 50 వేల ఆకులు. బస్సు చార్జీలు, తోడు మనిషి తిండి, పోయిన కూలి ఇందులో కలపలేదు. ప్రభుత్వాసుపత్రిలో స్కాన్ చౌకగానో ఉచితంగానో దొరకొచ్చు. కానీ దానికి వరుస ఉంటుంది, ఆ వరుసలో రెండు మూడు రోజులు నగరంలో ఉండాలి. కుంట నుంచి నగరం ఎంత దూరం?

అది ఏ నగరం అన్నదాన్ని బట్టి ఉంటుంది. సొంత రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్ దాదాపు 480 కిలోమీటర్లు. సుక్మా, జగ్దల్‌పూర్ దాటి, కేశ్‌కాల్ ఘాట్ దిగి వెళ్లాలి. అక్కడ 2012 నుంచి ఎయిమ్స్ ఉంది. హైదరాబాద్ 400 కిలోమీటర్ల లోపే. జగ్దల్‌పూర్ వైపు వారికి విశాఖపట్నం సుమారు 300 కిలోమీటర్లు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం ఇప్పటికీ రోగులను కింగ్ జార్జి ఆసుపత్రికి మోసుకొస్తుంది. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశస్థుడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని చెప్పే దారి ఎటు నుంచి ఎటు పోయిందో, ఈనాటి రోగుల దారి దానికి ఎదురుగా ఇటు వస్తోంది. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి ఖమ్మం అడవులకు వచ్చినవారి దారీ ఇదే, మిరప కూలీల దారీ ఇదే. ఆమె తమ్ముడి కుటుంబం అలా వచ్చి భద్రాచలం అవతలే ఉండిపోయింది. రాజ్యం గీసిన సరిహద్దు ఒకటి, జబ్బు పడ్డ మనిషి నడిచే సరిహద్దు మరొకటి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, కుంటలో బస్సెక్కి భద్రాచలంలో దిగేలోగా ఆమె మూడు రాష్ట్రాల నేల తొక్కుతుంది. మూడు రాష్ట్రాల్లో మూడు ఆరోగ్య వ్యవస్థలు. ఒకరి కంప్యూటర్‌లో ఉన్న ఆమె చరిత్ర మరొకరికి తెలియదు.

ఆ చరిత్ర ఇప్పుడు ఒక రేకు పెట్టెలో ఉంది. నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. ఫిల్ములున్నాయా అని అడిగితే పెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి పెద్ద ప్లాస్టిక్ కవరు తీసింది. మొదటి స్కాన్ ఫిల్ములు రెండు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వానాకాలం చెమ్మ. సీడీ ఉంది, మీద గీతలు పడ్డాయి. ఇది చిన్న విషయం అనిపించవచ్చు. కానీ ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిలే గడ్డ పెరిగిందా ఆగిందా అన్నది ఒక్క స్కాన్ చూసి ఎవరూ చెప్పలేరు. పాతదాని పక్కన కొత్తది పెట్టి చూడాలి. పాత ఫిల్ము పాడైతే కొత్త ఫిల్ము సగం మూగదే.

మలేరియాతో, రక్తహీనతతో జనం పోతున్న చోట గామా నైఫ్ ముచ్చటేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సుక్మాలోనో బీజాపూర్‌లోనో రేడియోసర్జరీ యంత్రం పెట్టమని ఎవరూ అడగడం లేదు, అడగకూడదు కూడా. ఈ జబ్బు లక్ష జనాభాలో ఏటా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే వస్తుంది. ఇలాంటి చికిత్స కొద్ది చోట్లే ఉండి, అక్కడ చేయి తిరిగిన వాళ్లు ఉండటమే రోగికి మేలు. జగ్దల్‌పూర్‌లో 2006లో వైద్య కళాశాల వచ్చింది, దానికి కేంద్ర పథకం కింద సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కూడా మంజూరైంది. అవి బలపడాలి. కానీ ఆమె విషయంలో లోపం యంత్రం దగ్గర జరగలేదు. యంత్రానికి ముందు రెండేళ్లు పోయాయి, యంత్రం తర్వాత పదేళ్లకు దిక్కు లేదు. మధ్యలో ఉన్న ఆ ఆరు వారాలు మాత్రం దేశంలో ఏ ధనవంతుడికైనా జరిగినట్లే జరిగాయి.

ముందు పోయిన రెండేళ్ల సంగతి చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌కు ఆ విషయంలో పేరు పెట్టడానికి వీల్లేని ఆస్తి ఒకటుంది. ఊరి ఆడవాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసే మితానిన్ కార్యక్రమం అక్కడ 2002లోనే మొదలైంది. దేశమంతా ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాతే. 2020 జనవరిలో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్‌లో ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివారికి కూడా రక్తం పరీక్ష చేశారు. వాగులు దాటి ఆ పని చేయగలిగిన వ్యవస్థకు మరో చిన్న పరీక్ష నేర్పడం కష్టం కాదు. రెండేసి కనిపిస్తున్నాయనే మనిషి చేత ఒక కన్ను మూయించడం. మూయగానే ఒకటైపోతే, అది కళ్లజోడు సమస్య కాదు, కళ్లను తిప్పే నరాలకు సంబంధించినదని అనుమానించాలి. మధుమేహం వల్ల కూడా అలా కావచ్చు, ప్రతిదీ గడ్డ కాదు. అయినా డాక్టరు చూడాలి. నెలల తరబడి ఒక్క కనురెప్పే వాలుతుంటే, ఒక్క చెవే వినిపించకుండా పోతుంటే, ఒక్క చెంపే మొద్దుబారుతుంటే కూడా అంతే. ‘ఒక్క వైపే, నెమ్మదిగా, రోజురోజుకూ’ అన్న మూడు మాటలు గుర్తుంటే చాలు. ఖర్చు లేదు.

ఇక తర్వాతి పదేళ్లు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీకి ఎన్ని విమర్శలున్నా, ఒక మంచి ఆలోచన అందులో ఉంది. ఎంపిక చేసిన కొన్ని చికిత్సల తర్వాత ఏడాది పాటు సంప్రదింపులకు, పరీక్షలకు, మందులకు విడిగా ప్యాకేజీ ఇచ్చింది. రేడియోసర్జరీ విషయంలో ఆ ఆలోచనను ఏడాది నుంచి కనీసం ఐదేళ్లకు పొడిగించి, జాతీయ పథకంలో చేర్చితే సరిపోతుంది. చికిత్సకు డబ్బు చెల్లించే రోజునే రాబోయే స్కాన్లకూ చెల్లింపు రాసిపెట్టాలి. ఏ రాష్ట్రంలో తీయించుకున్నా చెల్లాలి. భారం ఎంతంటారా? 2011 జనగణన ప్రకారం ఇప్పటి సుక్మా జిల్లా జనాభా రెండున్నర లక్షలు. ఇలా చికిత్స అయినవారు జిల్లాలో పదిమంది ఉన్నారనుకున్నా, మనిషికి ఏడాదికో స్కాన్ చొప్పున 60 వేల రూపాయలు. ఒక్క ప్రారంభోత్సవ సభకు వేసే పందిరి ఖర్చు కూడా కాదు. రేకు పెట్టెలోని ఫిల్ముకు మందు కూడా కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 2021లో దేశమంతటికీ విస్తరించిన డిజిటల్ ఆరోగ్య ఖాతా ఉద్దేశమే అది. ఆ ఖాతాలో ఆమె స్కాన్ బొమ్మలు పెట్టి ఉంటే, సుక్మా జిల్లా ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరు హైదరాబాద్ డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడి, రావాలా వద్దా చెప్పగలడు. చాలాసార్లు జవాబు రానక్కర్లేదనే వస్తుంది.

మరి ఇంత తేలికైనది ఎందుకు జరగదు? రాజనీతి శాస్త్రం చదువుకున్న రోజుల్లో, ఓటరు కళ్లకు కనిపించేదానికే ప్రభుత్వాలు డబ్బు పెడతాయని పాఠం చెప్పేవారు. యంత్రాన్ని ప్రారంభించవచ్చు, దాని పక్కన నిలబడి ఫొటో దిగవచ్చు. నాలుగో ఏడాది తీసిన ఐదో స్కాన్‌కు రిబ్బన్ కట్టే వీల్లేదు. పైగా అందులో మంచి వార్త ఏమిటంటే, ఏమీ జరగలేదని. ఏమీ జరగకపోవడాన్ని ఏ మంత్రీ ప్రకటించుకోలేడు. కానీ ఆమెకు కావలసింది సరిగ్గా అదే.

కొడుకు వాదన కొడుక్కి ఉంది. “నొప్పి లేదు, రెప్ప కొంచెం లేచింది. పనికి పోతోంది. మళ్లీ ఎందుకు సార్?” అన్నాడు. అతను తప్పు మాట్లాడటం లేదు. ఆమెకు అంతా బాగానే ఉండి ఉండవచ్చు. లెక్క ప్రకారం బాగానే ఉండే అవకాశమే ఎక్కువ. కానీ లోపల నెమ్మదిగా జరిగేది బయటకు తెలిసేసరికి ఎంత ఆలస్యమవుతుందో అదే కుటుంబానికి ఒకసారి అనుభవమైంది. మొదటిసారి కూడా నొప్పి లేదు. మిరపకాయలు రెండు కనిపించాయి, అంతే.

కవరులో చికిత్స ముగిసిన రోజు ఇచ్చిన కాగితం కూడా ఉంది. అంతా ఇంగ్లీషు. ఇందులో ఏముందో ఎవరైనా చదివి చెప్పారా అని అడిగాను. ఆరు నెలలకు రమ్మన్నారనీ, వెళ్లి స్కాన్ తీయించుకున్నామనీ ఆమె చెప్పింది. ఆ స్కాన్ రోజున కింద చేతిరాతతో మరో తేదీ రాశారు. ఎంఆర్ఐతో రావాలని. అది దాటిపోయి అప్పటికి నాలుగు నెలలు.

చదివి చెప్పాను. తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె చెంగుతో కవరు తుడిచి, మడతపడకుండా చీరల మధ్య పెట్టి పెట్టె మూసింది. వాకిట్లో ఇప్పపూల దగ్గరికి వెళ్తూ, “ఈ ఆకు అయిపోనీ బాబూ, పోతాం” అంది.

ఆకు కోత మొదలవడానికే ఇంకా నెల ఉంది.